కాగితం తిప్పి చూడని గైడు

పోయిన నెల మా పాత విభాగంలో కొత్తగా చేరిన ఒక అధ్యాపకురాలు ఫోన్ చేసింది. "మేడం, నాకు మొదటిసారి పీహెచ్‌డీ విద్యార్థిని అప్పజెప్పారు. రేపు వస్తుంది. ముందు ఏం చెయ్యాలి?" అని అడిగింది. "ముందు అన్నం తిన్నదో లేదో అడుగు" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు.

నల్లగొండలో సమాజశాస్త్రం పాఠాలు చెప్పి, పరిశోధనకు వచ్చిన పిల్లలకు గైడుగా ఉండి రిటైరయ్యాను. గైడు పని అంటే సంతకాలు పెట్టడమేనని బయటివాళ్లు అనుకుంటారు. లోపలివాళ్లలోనూ కొందరు అలాగే అనుకొని హాయిగా ఉద్యోగం చేసి వెళ్లిపోయారు. నిజానికి పాతికేళ్లు కూడా నిండని ఒక పిల్ల తన వయసులోని నాలుగైదేళ్లు తెచ్చి మన బల్ల మీద పెడుతుంది. వాటితో మనమేం చేశామన్నదే ఈ ఉద్యోగం. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, కూర్చున్న కమిటీల గురించి ఇక్కడ రాయను. అవి తలుచుకుంటే నాకే నిద్రొస్తుంది. ఒక విద్యార్థి గురించి, ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు ఆ పిల్లదేనని చాలా రోజులు అనుకున్నాను.

ఫ్లోరైడ్ కానిది ఏదైనా

మా వైపు పరిశోధనకు వచ్చే పిల్లల్లో సగం మంది ఫ్లోరైడ్ అంటారు. ఆ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగినవాళ్లు, అనడంలో తప్పు లేదు. కాకపోతే అందరూ అవే ఊళ్లకు పోయి అవే ప్రశ్నలు అడుగుతారు. ఒక ముసలాయన మా విద్యార్థిని చూసి, "నువ్వేమడుగుతవో నాకెర్కే గని, పోయినేడు వచ్చిన పిలగాడు మంచిగున్నడా? నౌకరి దొరికిందా?" అన్నాడట. మిగిలిన సగం మంది సెల్‌ఫోన్, యువత అంటారు.

మల్లీశ్వరి రెండో రకం. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ప్రభుత్వం గొర్లు పంచుతున్న రోజుల్లో నా దగ్గరికి వచ్చింది. మోత్కూర్ పక్కన పల్లె. బక్కపలచని పిల్ల, మాట తక్కువ, చూపు మాత్రం మనిషిని తూచినట్టుండేది. యువత మీద ఫేస్‌బుక్ ప్రభావం అనే అంశం రాసుకొచ్చింది. చదివి పక్కన పెట్టి, "మీ బాపు ఏం చేస్తాడు?" అని అడిగాను.

"గొర్లు మేపుతడు మేడం" అంది, కిటికీ వైపు చూస్తూ.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంట్లో మందను పెట్టుకొని ఫేస్‌బుక్ ఎందుకు పిచ్చిపిల్లా?" అన్నాను. అప్పటికప్పుడే అంశం ఖాయం చేశాను: వలస పోయే గొర్ల కాపరుల కుటుంబాల స్థితిగతులు. "సరే మేడం" అంది. సరే అనడంలో ఎన్ని రకాలుంటాయో అంత అనుభవం ఉండి కూడా నేను పట్టించుకోలేదు. ఒంటి మీద గొర్ల వాసన ఎవరికైనా తగులుతుందేమోనని డిగ్రీ హాస్టల్లో ఆ పిల్ల రోజుకు రెండుసార్లు స్నానం చేసేదట. ఆ సంగతి చాలా కాలం తర్వాత చెప్పింది. ఎంతో కష్టపడి మందలోంచి బయటికొచ్చిన పిల్లను నేను చెయ్యి పట్టుకొని మళ్లీ అక్కడే నిలబెట్టాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఏడే శ్రావణి అనే అమ్మాయి నా దగ్గర చేరింది. వాళ్లకు మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. ఆమె అడిగిన ఫేస్‌బుక్ అంశం ఆమెకు ఇచ్చేశాను. నీ రైసుమిల్లు మీద రాయమ్మా అని ఆమెకు చెప్పాలని నాకు తట్టనే లేదు.

మూడు మంచాలు, నలుగురు పిల్లలు

పరిశోధక విద్యార్థి బతుకు ఎలా ఉంటుందో గైడ్లకు తెలియదు. మేము వాళ్లను నెలకోసారి చూస్తాం. తల దువ్వుకొని, ఫైలు పట్టుకొని, తలుపు దగ్గర చెప్పులు విడిచి వస్తారు. మల్లీశ్వరి, శ్రావణి, ఇంకో ఇద్దరు మూడు మంచాల గదిలో ఉండేవాళ్లు. వంతులవారీగా ఒకరు కింద పడుకునేవాళ్లు. హాస్టల్ చారులో గిన్నె అడుగు కనిపించేదని శ్రావణి అనేది. ఇద్దరికి కలిపి ఒక లాప్‌టాప్, అదీ చార్జర్ వైరు ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే పనిచేసేది.

మల్లీశ్వరి వారానికి మూడు రోజులు పల్లెవెలుగు బస్సుల్లో తిరిగేది. పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ సంచిలో వేసుకొని బయలుదేరేది. గొర్ల కాపరికి చిరునామా ఉండదు. ఇవాళ ఈ ఊరి బీడులో ఉంటాడు, ఎల్లుండికి నాలుగూళ్ల అవతల ఉంటాడు. బస్సు దిగి, కనిపించిన వాళ్లనల్లా అడుగుతూ, గొర్ల జాడ పట్టుకొని నడిచేది. ఆర్నెల్లలో రెండు జతల చెప్పులు అరగదీసింది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నాకు తెలిసిందల్లా ఆమె తెచ్చి ఇచ్చిన అరవై రెండు ఫారాలు.

ఆ ఫారం నేను తయారుచేసింది. నాకది ఎంతో గొప్పగా అనిపించేది. ముందు పేజీలో ముప్పై ప్రశ్నలు. మొదటి ప్రశ్న: మీ మందలో ఎన్ని గొర్రెలు ఉన్నాయి? అందులో పొట్టేళ్లెన్ని, పిల్లలెన్ని, పోయిన ఏడు చచ్చినవెన్ని? గొర్రె గురించి అప్పటివరకు నాకు తెలిసిందంతా అది పళ్లెంలోకి వచ్చాకే. అయినా ప్రశ్నలు రాయడానికి భయపడలేదు. ఫారం వెనుక వైపు "ఇతర వివరాలు" అని కొంచెం ఖాళీ వదిలాను. ఆ ఖాళీ మర్యాద కోసం వదిలిందే.

అరవై రెండింటిలోనూ ముందు పేజీ నిండుగా ఉంది. అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. సగటులు తీశాం. హైదరాబాద్‌లో ఒక సదస్సులో మా ఇద్దరి పేరు మీద పత్రం చదివాను, చప్పట్లు కూడా కొట్టారు. వెనుక వరుసలో కూర్చున్న మల్లీశ్వరి కొట్టలేదు. బిడియపడుతోంది అనుకున్నాను.

హాలియా పొలాల్లో

ఆ చప్పట్లు తలకెక్కి, ఒకసారి నేనే వెళ్లి మందను చూడాలనిపించింది. మల్లీశ్వరి రెండుసార్లు వాయిదా వేసింది. మూడోసారి నేను ఊరుకోలేదు.

అది వానాకాలం వరి కోతలైపోయిన సమయం. హాలియా చుట్టూ సాగర్ కాలువ కింది మళ్లన్నీ కోసి ఉన్నాయి. అప్పుడు రైతులు కాపరులను పిలిచి, కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. పొలానికి ఎరువు దొరుకుతుంది, కాపరికి ఇన్ని వడ్లు దొరుకుతాయి. అలా వచ్చిన ఒక మంద దగ్గరికి వెళ్లాం. కాపరి పేరు అయిలయ్య, డెబ్బై దాటిన మనిషి. ఆయన ఫారం నా సంచిలోనే ఉంది.

మల్లీశ్వరిని చూడగానే ఆయన మొహం విప్పారింది. "బీరయ్య బిడ్డవు గదా నువ్వు! మొన్న చాయ్ తాగకుంటనే పోతివి. గీ అమ్మ ఎవలు?"

"మాకు చదువు చెప్పే మేడం, తాతా."

"కూసోన్రి తల్లీ, కూసోన్రి" అని భుజం మీది గొంగడి తీసి మట్టి మీద పరిచాడు. ఆయన భార్య మూడు రాళ్ల పొయ్యి మీద చాయ్ పెట్టింది. అడవి అంచుల్లో మేత గురించి, కుంటలు ఎండిపోవడం గురించి ఎంతో ఇష్టంగా మాట్లాడాడు. చాయ్ తాగి, గొంతు సవరించుకొని నేనడిగాను: "తాతా, మీ మందలో మొత్తం ఎన్ని గొర్లుంటాయి?"

ఆయన చేతిలోని గిన్నె కింద పెట్టాడు. కర్ర తీసుకొని లేచి, "గొర్లు గట్టు దాటుతున్నయ్" అని వెళ్లిపోయాడు. ఒక్క గొర్రె కూడా గట్టు దాటడం లేదు. అన్నీ తలలు వంచి మేస్తున్నాయి.

ఆయన భార్య చాయ్ గిన్నెలు తీస్తూ నా వైపు చూడకుండానే అంది: "గట్లెట్ల అడిగితివమ్మా? మంద లెక్క ఎవలన్న అడుగుతరా? లెక్కవెడ్తె మంద ఎదగదు. నీకు తెల్వదు, సరే. గీ పోరికి తెల్వదా?"

నేను సంచిలోంచి ఫారం తీశాను. మొదటి ప్రశ్న ఎదురుగా ఎనభై ఆరు అని ఉంది. "మరి ఇందులో ఉంది కదమ్మా?" అన్నాను.

"ఏమో. మేమైతె చెప్పలే."

మల్లీశ్వరి వైపు తిరిగాను. ఆమె గొంగడి అంచు పోగులు పట్టుకొని కూర్చుంది. "నేను అడగలే మేడం" అంది.

"ఈయన్నేనా?"

"ఎవ్వల్ని అడగలే. అరవై రెండిట్ల లెక్కలన్ని నేనే అందాజుగ రాసిన."

కాపరుల ఇంట్లో పుట్టిన పిల్ల. ఆ ప్రశ్న అడగకూడదని ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. పెద్దవాళ్ల ముందు కూర్చుంటే ఆ మాట నోట్లోంచి రాలేదు. ఆ సంగతి నాకు చెబుదామంటే, నేను ఆమె మనుషులవన్నీ మూఢనమ్మకాలంటానని భయపడింది. అటు తాతల మర్యాద, ఇటు మేడం ఫారం. మధ్యలో నలిగిపోయి, రెండింటినీ కాపాడాలని అబద్ధం రాసింది. ఇదంతా ఇప్పుడు ఇంత నిదానంగా రాస్తున్నాను. ఆ రోజు నా కళ్లకు కనిపించింది సదస్సులో నేను గొంతెత్తి చదివిన సగటులు మాత్రమే.

బస్సులో ఆమెకు దూరంగా కూర్చున్నాను. నల్లగొండ బస్టాండ్‌లో దిగాక, నలుగురూ వింటుండగానే, "రేపటినుంచి నా గదికి రావద్దు. నీ సంగతి కమిటీకి రాస్తాను" అన్నాను.

"మేడం, ఎనుకవైపు…" అని ఏదో చెప్పబోయింది.

"నోరు ముయ్యి" అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక విద్యార్థిని అంత మాట అనడం అదే మొదలు, అదే ఆఖరు. అయినా అన్నానన్నది నిజం.

వెనుక వైపు

ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని కోరుతూ ఉత్తరం రాశాను. రాసి సొరుగులో పెట్టాను. ఎందుకు పంపలేదంటే జాలితో కాదు. అది పంపితే సదస్సు పత్రం సంగతీ బయటపడుతుంది. ఆమె అబద్ధం రాసిందని మండిపడిన నేను, నా పరువు కోసం అదే అబద్ధాన్ని రెండు నెలలు సొరుగులో దాచాను. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

చివరికి ఒక రోజు పంపేద్దామని, రుజువు కోసం ఫారాలు జతచేయడానికి బయటికి తీశాను. గుండుసూది గుచ్చుతుంటే ఒకటి జారి కింద బోర్లా పడింది. వెనుక వైపు ఖాళీ అంతా చీమల బారులాంటి అక్షరాలు. ఖాళీ చాలక అంచుల్లో నిలువుగా కూడా రాసింది. అయిలయ్య తాత ఫారం వెతికి తిప్పాను. ఇలా ఉంది:

"కర్రె గొర్రెకు ముగ్గురు బిడ్డలు. పెద్దది ఇప్పటికీ తల్లి పక్కనే పంటది. నడిపిది కుంటలో పుట్టింది, నీళ్లంటే భయం లేదు. చిన్నదాన్ని అల్లునికి ఇచ్చిండు. అది రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి తాతే పోయి తోలుకొచ్చుకున్నడు. అల్లునికి ఇంకోటి ఇచ్చిండు."

అరవై రెండూ తిప్పాను. ప్రతి దాని వెనుకా ఇలాంటివే. ఏది ఎవరి బిడ్డ, ఏ గొర్రె నడక ఎలాంటిది, ఏ తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదు, దానికి ఏ పాట పాడితే రానిస్తుంది. ముందు పేజీ నా కోసం రాసింది. వెనుక పేజీ తనకు నిజంగా తెలుసుకోవాలనిపించి రాసుకుంది. ఇంటర్వ్యూ ఒక్కటి కూడా దొంగది కాదు. ప్రతి మంద దగ్గరికీ వెళ్లింది, కూర్చుంది, విన్నది. నేనే ఒక్క కాగితమైనా తిప్పి చూడలేదు. బస్టాండ్‌లో ఆ పిల్ల చెప్పబోయింది ఇదే.

ఆ మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకొని ఏడ్చాను. తర్వాత సదస్సు నిర్వాహకులకు, మా లెక్కలు సరైనవి కావు, పత్రం వెనక్కి తీసుకుంటున్నామని రాసి పంపాను. కమిటీకి రాసిన ఉత్తరం చింపేశాను.

అమ్రాబాద్ దారిలో

మల్లీశ్వరి ఫోన్ ఎత్తలేదు. శ్రావణిని అడిగితే, "గది ఖాళీ చేసి వాళ్ల బాపు దగ్గరికి పోయింది మేడం. మంద అమ్రాబాద్ దిక్కున్నదట" అంది. ఆ మాట అంటూ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు.

ఎండలు మొదలయ్యాక వాళ్ల మంద అటు పోతుంది. పులుల అడవిగా చేశాక లోపలికి పోనివ్వరు కాబట్టి, అంచు ఊళ్ల బీళ్లలో మేపుకుంటారు. అచ్చంపేటలో మా చెల్లెలింట్లో దిగి, తెల్లవారగానే ఆటో మాట్లాడుకొని వెళ్లాను. నేను పోయేసరికి గొర్లను దొడ్డిలోంచి వదులుతున్నారు. ముళ్లకంప కట్టిన దొడ్డికి ఒక్కటే సందు. బీరయ్య ఆ సందు పక్కన కర్రానించి నిలబడ్డాడు. గొర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. ఆయన పెదవి కదలడం లేదు.

నన్ను చూసి ఎవరో గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. "మల్లీ, మీ మేడమొచ్చింది. కాళ్లకు నీళ్లియ్యి" అని కేకేసి, మళ్లీ గొర్ల వైపు తిరిగాడు. అంతలోనే, "మొండిచెవుదాని బిడ్డ రాలే, సూడు" అన్నాడు. మల్లీశ్వరి చెంబు నా చేతికిచ్చి లోపలికి ఉరికింది. మూలన కంపలో ఉన్ని చిక్కుకొని నిలబడిపోయిన గొర్రెను విడిపించి తోలుకొచ్చింది.

నేను ఆశ్చర్యం ఆపుకోలేక, "లెక్కపెట్టకుండా ఒకటి తక్కువైందని ఎలా తెలిసింది?" అని అడిగాను.

బీరయ్య నవ్వాడు. "మీ ఇంట్ల అయిదుగురున్నరనుకో మేడం. బువ్వకాడ ఒకలు లేకుంటె, ఒకటి రెండు మూడు అని లెక్కవెడ్తవా? మొగం యాదికి రాదా? గీడ తల్లి ఒక్కతే పోతాంది. దాని బిడ్డ ఎన్నడు ఎనుకకుండదు."

ఆ తర్వాత నేనూ మల్లీశ్వరీ ఒక బండ మీద కూర్చున్నాం. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. "కాగితాలు తిప్పి చూశాను. తప్పు నాది" అన్నాను.

"అబద్ధం రాసింది నేను మేడం."

"అడగకూడని ప్రశ్న ఇచ్చింది నేను. నీకు చెప్పే ధైర్యం రాకుండా చేసింది కూడా నేనే."

మల్లీశ్వరి చేతికి అంటిన ఉన్ని దులుపుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఒకటి అడుగుత, ఏమనుకోకున్రి. శ్రావణికి అడిగిందే ఇచ్చిన్రు. నాకు గొర్లే ఎందుకిచ్చిన్రు మేడం?"

దానికి నాకు తెలిసిన జవాబు చెప్పుకోదగ్గది కాదు. "నీకేది ఇష్టమైతే అది చెయ్యి. ఫేస్‌బుక్ అయినా సరే, నేనుంటాను. అసలు వద్దనుకుంటే అదీ సరే" అన్నాను.

"సోచాయించుకుంట, జర టైమియ్యున్రి" అంది. రమ్మని బతిమాలాలని నోటిదాకా వచ్చింది. ఆ ఒక్కసారి నోరు కట్టుకున్నాను. యువ గైడ్లకు నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటి ఉందంటే ఇదే. అంశాన్ని మనం ఎంచి ఇవ్వడం సులువు. ఆ పిల్ల ఎంచుకునేదాకా ఊరుకోవడమే కష్టం.

మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. నాలుగో సోమవారం తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. "గొర్లే చేస్త మేడం" అంది మల్లీశ్వరి. "కని ఈసారి ప్రశ్నలు నేనే రాసుకుంట. ఇంకోటి, నేను చేసిన తప్పు గూడ థీసిస్‌ల రాస్త. గట్లయితెనే." తిన్నావా అని అప్పుడు అడిగాను, మొట్టమొదటిసారి. తినలేదట. నా డబ్బా విప్పి ఇద్దరం తిన్నాం.

మంద వెంట

ఆమె ఎంచుకున్న అంశం ఇది: రాత లేకుండా కాపరులు మంద వంశాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటారు. అయిదు మందల వెంట ఏడాది పొడుగునా తిరిగింది. వర్షాలకు మోత్కూర్ చుట్టుపక్కల బీళ్లు, కోతలకు హాలియా, ఎండలకు అమ్రాబాద్ అంచు. ఒంటరి ఆడపిల్లకు కాలకృత్యాలకు చాటు దొరకదని చాలాసార్లు వాళ్లమ్మ తోడొచ్చింది. ఫోన్ చార్జింగ్ కోసం ఏ ఊళ్లో ఏ కిరాణా కొట్టువాళ్లు మంచివాళ్లో ఆమె దగ్గర పెద్ద జాబితా ఉండేది. సిగ్నల్ దొరికిన చోట నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపేది. నాలుగు రోజులు ఏమీ రాకపోతే నాకు ఫికర్ పట్టుకునేది. అయిదో రోజు ఒకేసారి నలభై పేజీలు వచ్చి పడేవి.

ఒకసారి చెక్‌పోస్టు దగ్గర కాపలా ఆయన ఆపి, "గొర్లను అడవిలకు తోలుతున్నరా?" అని గద్దించాడట. "లేదు సార్, గొర్ల చుట్టరికాలు రాసుకుంటున్న" అంది ఈమె. ఆయన బిత్తరపోయి చూసి, "మా అమ్మమ్మ బర్లకు గూడ గట్లనే పేర్లు పెట్టేది" అని నీడకు కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడట.

నల్లగొండకు వచ్చినప్పుడు బస్టాండ్ నుంచి తిన్నగా నా గదికే వచ్చేది. సంచి నిండా దుమ్ము, ఉన్ని వాసన. స్నానం చేసి వస్తానని ఇక ఎప్పుడూ అనలేదు. వేళ్లతో బల్ల మీద గీసి చూపిస్తూ, ఏ గొర్రె ఎవరి మనవరాలో చెప్పేది. నేను ఆమెతో రెండుసార్లు వెళ్లి, ఏడు గొర్లను మొహం చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాను. "ఏడిట్ల మూడు తప్పు చెప్పిన్రు మేడం" అని వెక్కిరించేది. ఉద్యోగంలో నాకు దొరికిన సంతోషాల్లో అది పెద్దది.

ఆ పేజీ

థీసిస్ పూర్తయ్యేసరికి నేను రిటైరవడానికి కొద్ది నెలలే ఉన్నాయి. మూడో అధ్యాయంలో ఒక పేజీ నిండా తన తప్పు రాసింది. అరవై రెండు ఫారాలు, ఊహించి రాసిన అంకెలు, ఎందుకు రాసింది, ఎలా బయటపడింది. ఏదీ మెత్తగా చెప్పలేదు. దాని కింద, ప్రశ్నలు తయారుచేసింది తన గైడేనని, విద్యార్థి చెప్పుకునే వీలు గైడు ఇవ్వలేదని నేను రెండు వాక్యాలు చేర్పించాను. ఆమె ఒప్పుకోలేదు. సంతకం పెట్టనని బెదిరించి ఒప్పించాను.

మా విభాగాధిపతి ఆ పేజీ చదివి నా దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. "మేడం, ఇది తీసెయ్యండి. ఆ పాత ఫారాలు ఈ థీసిస్‌లో వాడనే లేదు కదా. పరీక్షకుడు దీన్ని పట్టుకుంటే పిల్ల అయిదేళ్లు మట్టిలో కలుస్తాయి" అన్నాడు. అది నిజమేననిపించి ఆ రోజంతా నా మనసు నిలవలేదు. సాయంత్రం మల్లీశ్వరిని పిలిచి, ఉంచాలా తియ్యాలా నువ్వే చెప్పు అన్నాను.

"అయిలయ్య తాతకు గీ పుస్తకం సదివి వినిపియ్యాలె మేడం. గా పేజీ తీసేస్తె తాత ముంగట ఎట్ల కూసోవాలె?" అంది. సంతకం పెట్టాను.

మౌఖిక పరీక్ష రోజు హాలు నిండింది. బీరయ్య, ఆయన భార్య వెనుక కుర్చీల్లో కూర్చున్నారు. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు గంటసేపు మామూలు ప్రశ్నలడిగాడు. మల్లీశ్వరి పుస్తకాల తెలుగులో, తడబడకుండా చెప్పింది. తర్వాత ఆయన పేజీలు తిప్పి ఒక చోట ఆగాడు. అది ఆ పేజీయే.

"ఒకసారి కల్పించి రాశానని మీరే అంటున్నారు. మరి మిగతా థీసిస్ అంతా నిజమేనని నేనెందుకు నమ్మాలి?"

గైడు నోరు విప్పకూడదని నియమం. నేను సగం లేచి, మళ్లీ కూర్చున్నాను. మల్లీశ్వరి కొన్ని నీళ్లు తాగింది. ఆమె నోటికి పుస్తకాల తెలుగు రాలేదు.

"సార్, నా అబద్ధం ఏ పేజీల ఉన్నదో మీకు సూపెట్టింది నేనే. దాచిపెట్టి ఉంటె మీరు మిగతాదంత నమ్ముతుండిరి. సూపెట్టినందుకు నమ్మకపోతె, రేపు నా ఎనుక వచ్చే పిల్లలు దాచిపెడ్తరు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. థీసిస్ మూసి, దాని మీద చెయ్యి పెట్టి, "నా దగ్గర ఇంకో ప్రశ్న లేదమ్మా. పట్టాకు సిఫారసు చేస్తున్నాను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో కొంగు ఉంది, కళ్లు తుడుచుకోవడానికే చాలడం లేదు. పక్కన మా విభాగాధిపతి గొంతు తగ్గించి, "ఆ పేజీ తియ్యమన్నది నేనే మేడం" అన్నాడు.

"ఆ పిల్లను నోరు ముయ్యమన్నది నేను. పదండి, ఇద్దరం పోయి చెయ్యి కలుపుదాం" అన్నాను.

మేము వెళ్లేసరికి ఆమె ముందు బీరయ్య నిలబడి ఉన్నాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. మేమిద్దరం ఆయన వెనుక నిలబడి మా వంతు కోసం ఎదురుచూశాం.